నీరుగొబ్బి ఏ రిజిస్టరులో ఉంది?

వానలు వెనకబట్టి, వాగుల్లో నీళ్లు పిక్కల లోతుకు దిగాక జైనూర్ వైపు, ఆ మాటకొస్తే పాత ఆదిలాబాద్ జిల్లా అంతటా, నీరుగొబ్బి పూతకొస్తుంది. వాగు అంచు బురదలో, వరిమడి కాలువలో, ఎండబోయే కుంటలో నిటారుగా లేస్తుంది. కణుపు కణుపుకూ చుట్టూ ఆరు పసుపుపచ్చని ముళ్లు. వాటి మధ్య జంటలు జంటలుగా ఊదారంగు పూలు, ఒక్కో పూవు కింది రేకు మీద పసుపు మచ్చ. కోయబోతే వేలు చీరుకుంటుంది. గునుగుకు, తంగేడుకు బతుకమ్మలో దొరికిన చోటు దీనికి దొరకకపోవడానికి ఆ ముళ్లే కారణమేమో!

నెమలికన్ను మచ్చల సీతాకోకచిలుకకు మాత్రం ముళ్లతో పేచీ లేదు. దాని గొంగళిపురుగులు ఈ ఆకు తినే పెరుగుతాయి. ఆయుర్వేదం నీరుగొబ్బినే కోకిలాక్షం అంటుంది. మూత్రం సాఫీగా రావడానికి వేరు, గింజలు వాడతారు. చిటికెడు గింజలు నీళ్లలో వేస్తే క్షణాల్లో జిగురుముద్ద అవుతాయి. మూలికల అంగడిలో వీటి పేరు తాల్‌మఖానా.

ఇది అరుదైన మొక్కేమీ కాదు. చిక్కంతా అక్కడే ఉంది. అరుదైతే అటవీశాఖ బోర్డు పెట్టేది. మామూలుది కాబట్టి పూడికతీత పేరుతో జేసీబీ వాగు ఒడ్డును గీకేస్తే అడిగేవారుండరు. గీకిన చోట దక్షిణ అమెరికా నుంచి వచ్చిన లొట్టపీసు పాతుకుంటుంది. దాన్ని పశువులూ ముట్టవు.

నీళ్ల దారి మారిస్తే పూవు పోవడం ఇక్కడే కాదు. అమెరికాలోని అలబామాలో కహాబా లిల్లీ అనే తెల్లని పూవు రాళ్ల మీద పారే పలుచని నీళ్లలోనే పూస్తుంది. ఆనకట్టలు కట్టి నీళ్లు నిలబెట్టిన చోటల్లా అది మునిగిపోయింది. మిగిలినదాని కోసం వెస్ట్ బ్లాక్‌టన్ అనే చిన్న ఊరు ఏటా మే నెలలో పండుగ చేస్తుంది. మనకు పండుగ అక్కర్లేదు, కాగితం మీద పేరుంటే చాలు.

ఆ కాగితానికి చట్టం ఎప్పుడో వచ్చింది. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థకూ ఒక కమిటీ, ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. అమ్ముకోవడానికి మూలికలు సేకరించేవారి నుంచి రుసుము వసూలు చేసే అధికారం కూడా ఆ కమిటీదే. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2020 జనవరి 31 గడువు పెట్టి, దాటితే రాష్ట్రాలు నెలకు 10 లక్షలు కట్టాలనడంతో దేశమంతటా రిజిస్టర్లు హడావిడిగా నిండాయి. జరిమానా భయంతో నింపిన పుస్తకం ఆఫీసు బల్ల దగ్గరే తయారవుతుంది తప్ప వాగులోకి దిగదు.

మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ భార్యతో కలిసి 1940లలో ఉన్న మార్లవాయి జైనూర్ మండలంలోదే. ఆయన ఊళ్లో కూర్చుని, విని, రాసుకున్నాడు. మొక్కల జాబితాకూ అదే పద్ధతి కావాలి. గోండీ, కొలామీ మాట్లాడే పెద్దలు, పశువులు కాసే పిల్లలు, మందు ఎరిగినవాళ్లు చెబితే రాయాలి, పేర్లు వాళ్ల భాషల్లోనే ఉండాలి.

జైనూర్ షెడ్యూల్డ్ ప్రాంతం. 1996 పెసా చట్టం ఇక్కడి గ్రామసభకు ఊరి వనరుల మీద మాట చెల్లే హక్కు ఇచ్చింది. దీపావళి ముందు గోండుల దండారి పండుగకు ఊళ్లు కలుసుకునే రోజుల్లో నీరుగొబ్బి పూతలోనే ఉంటుంది. ఆ రిజిస్టరును సభలో చదివించి, లేని పేర్లు అక్కడే చేర్పించవచ్చు. ఆ తర్వాతే పూడికతీత పనికి తీర్మానం చేయాలి, ఒడ్డున యంత్రం తాకకూడని పట్టీ ఎంతో అందులోనే రాయాలి.