బయట పొగలు... లోపల పచ్చి!

రావులపాలెం అరటి మార్కెట్ నుంచి తెచ్చిన బొంత అరటికాయలతో ఆవపెట్టిన కూర చేయాలనుకున్నారు. కాయలు ఉడికించే పని మైక్రోవేవ్‌కి అప్పగించారు. తీరా తీసి చూస్తే అంచులు తోలులా బిగిసిపోయి, నడుమ కసుక్కుమంటోందా? కాయ ముదురో లేతో అని అనుమానించకండి. సర్దడంలోనే ఉంది కిటుకంతా.

మైక్రోవేవ్ లోపలి నుంచి బయటికి ఉడికిస్తుందని చాలామంది అంటారు. అది నిజం కాదు. ఆ తరంగాల ప్రభావం చాలా పదార్థాల్లో పైనుంచి రెండు మూడు సెంటీమీటర్ల వరకే బాగా ఉంటుంది. ఆపైన వేడి మెల్లగా లోనికి పాకాల్సిందే. పైగా ఓవెన్లో తరంగాలు ఒకచోట ఎక్కువగా, పక్కనే తక్కువగా ఉంటాయి. పళ్లెం గుండ్రంగా తిరిగేది అందుకే.

కాబట్టి చెక్కు తీసి, ముక్కలన్నీ ఒకే సైజులో కోయండి. కాసిని నీళ్లు చిలకరించి, మధ్యలో ఖాళీ వదిలి పళ్లెం అంచు చుట్టూ పేర్చండి. మూత కాస్త ఓరగా పెట్టి మూడు నిమిషాలు ఉంచి, కలిపి, మరో రెండు నిమిషాలు ఉడికించండి. వెంటనే తీయొద్దు. అన్నం వార్చాక ఉమ్మగిలనిస్తాం చూడండీ, అలా రెండు నిమిషాలు వదిలేయాలి. కాయను తొక్కతోనే పెడితే ఫోర్కుతో నాలుగుచోట్ల పొడవండి, లేదంటే పేలుతుంది. ఉడికించిన గుడ్డును అసలే పెట్టొద్దు. పెంకు తీసినా పేలుతుంది.

చేపల పులుసు కలిపితే ముక్క చితుకుతుంది. ముక్కలను ఒకే వరసలో పరిచి, మధ్యలో ఓసారి తిరగేయండి. నిన్నటి కోడికూరైతే నడిమధ్య కూడా 74 డిగ్రీల వేడెక్కాలి. గిన్నె కాలుతోంది కదా అని కూర కాగిందనుకోకూడదు.

అన్నం విషయంలో మాత్రం ఓవెన్‌ని నమ్ముకోకండి. గంటల తరబడి బయటే ఉన్న అన్నంలో ఒకరకం బ్యాక్టీరియా విషం వదులుతుంది. ఎంత వేడిచేసినా అది పోదు. మిగిలిన అన్నాన్ని పల్చగా పరిచి, త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టండి.

పసిపిల్లల పాలసీసా ఎంత తొందరలోనైనా అందులో పెట్టొద్దు. సీసా గోరువెచ్చగానే ఉంటుంది, లోపల పాలు ఒకచోట నోరు కాలేంత వేడిగా ఉంటాయి. గిన్నెలో వేడినీళ్లు పోసి అందులో సీసా ఉంచితే చాలు.

ఇక బంగారు అంచున్న పింగాణీ పళ్లేల్లో పెడితే నిప్పురవ్వలు లేస్తాయి. ఖాళీ ఐస్‌క్రీం డబ్బాలూ పనికిరావు.

అరటికాయ ముక్కల మీద ముందే ఉప్పు చల్లకండి, ఆ చోట ఎండిపోతాయి. ఉప్పు, చింతపండు పులుసు, పోపు అన్నీ స్టవ్వు మీదే కానివ్వండి. ఆవముద్ద దించాక కలపండి, చేదెక్కదు.