లెక్క కరెక్టే, డోసు తప్పు

1999లో నాసా మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ యూనిట్ల తేడా వల్లే పోయిందని మనం కథలుగా చెప్పుకుంటాం. అలాంటి బగ్గే షుగర్ ఉన్నవాళ్ళ ఇంట్లో ఫ్రిజ్ దగ్గరా ఉంది.

మన దేశంలో ఇన్సులిన్ సీసాల్లో ఎక్కువగా మిల్లీలీటరుకి 40 యూనిట్లుంటాయి, కొన్నిట్లో 100. సిరంజిలూ రెండు రకాలే: 40ది ఎర్ర మూత, 100ది నారింజ మూత. 40 సీసా మందుని 100 సిరంజితో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్ళేది 8 యూనిట్లే. అటుది ఇటైతే 20 కాస్తా 50! షుగర్ పడిపోయి ప్రాణం మీదకొస్తుంది.

అందుకే నర్సింగ్ విద్యార్థులకి ఫార్ములా కంటే ముందు నేర్పాల్సింది సీసా మీదా సిరంజి మీదా ఒకే అంకె ఉందో లేదో చూడటం. పొరపాటు జరిగితే "నర్సుకి లెక్కలు రావు" అనేస్తాం. టైప్ చెక్ లేని సిస్టమ్‌ని వదిలేసి యూజర్ని తిట్టడం కాదూ ఇది?

ఈసారి ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఆ రెండు అంకెలూ ఓసారి చదివించుకోండి.