రిపోర్టుతో పాటు మనిషి కావాలి

బిడ్డకు క్యాన్సర్ అని తేలిన ఇంట్లో మందుల పేర్లు నోటికి అలవాటు కాకముందే ఒక ప్రశ్న లేస్తుంది: ‘ఇది ఎవరి వైపు నుంచి వచ్చింది?’ మా ఆత్రేయపురం వైపైనా అంతే, గోదావరికి అవతల రాజమండ్రిలోనైనా అంతే. ‘మా వంశంలో ఇలాంటివి లేవు’ అంటుంది నాన్నమ్మ. అమ్మమ్మ తల దించుకుంటుంది. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం చూసిందేమోనని ఒకరు, మేనరికం వద్దంటే వినలేదని ఇంకొకరు. ఎవరేమన్నా ఆ మాటలన్నీ చివరికి వచ్చి పడేది తల్లి నెత్తినే. సరిగ్గా అప్పుడే డాక్టరు ‘జెనెటిక్ టెస్ట్ చేయిద్దాం’ అంటారు. తప్పు ఎవరిదో తేల్చే పరీక్ష కాబోలని ఇల్లంతా బిక్కచచ్చిపోతుంది.

ఆ పరీక్ష చాలామంది పిల్లలకు మేలు చేస్తుంది. చేయించమనే నేనూ చెబుతాను. కానీ విడమరిచి చెప్పే మనిషి లేకుండా చేయిస్తే అది సగం వైద్యమే.

ముందుగా తెలియాల్సింది, ‘జెనెటిక్ టెస్ట్’ పేరుతో రెండు వేర్వేరు పరీక్షలు ఉన్నాయని. బ్లడ్ క్యాన్సర్ వచ్చిన పిల్లల ఎముక మూలుగ తీసి ఫిలడెల్ఫియా క్రోమోజోమ్ ఉందేమో చూస్తారు. ఉంటే వాడే మందులు మారతాయి. ఆ మార్పు క్యాన్సర్ కణాల్లో పుట్టింది. అమ్మానాన్నల నుంచి రాలేదు, తమ్ముడికో చెల్లికో పోదు. రెండోది, పుట్టుకతోనే ఒంట్లోని ప్రతి కణంలో ఉన్న మార్పును వెతికే పరీక్ష. దానికి మామూలుగా రక్తమో ఉమ్మో చాలు. బ్లడ్ క్యాన్సర్ ఉన్న బిడ్డకైతే రక్తంలోనే క్యాన్సర్ కణాలు కలిసి ఉంటాయి కాబట్టి చిన్న చర్మపు ముక్క తీయాల్సి రావచ్చు. ఈ తేడా చెప్పకుండా సంతకం పెట్టించుకుంటే, మూలుగ పరీక్ష రిపోర్టు చూసి కూడా ‘వంశంలో ఉందట’ అనే పుకారు పుడుతుంది.

2015లో అమెరికాలోని సెయింట్ జూడ్ ఆసుపత్రి పరిశోధకులు క్యాన్సర్ వచ్చిన 1,120 మంది పిల్లల జన్యువులను పరిశీలించారు. పుట్టుకతో వచ్చిన హానికరమైన మార్పు కనిపించింది 8.5 శాతం మందిలోనే. అంటే నూటికి తొంభై మందికి పైగా పిల్లల్లో వంశాన్ని వేలెత్తి చూపడానికి ఆధారమే దొరకలేదు. ఈ ఒక్క సంగతి మొదటి రోజే చెబితే ఎన్నో ఇళ్లలో నిందలు అక్కడే ఆగుతాయి.

ఆ కొద్దిమందిలో పరీక్ష ఎంత పని చేస్తుందో పసిపిల్లల కంటి క్యాన్సర్ రెటినోబ్లాస్టోమా చూపిస్తుంది. సుమారు 15 వేల నుంచి 18 వేల మంది శిశువుల్లో ఒకరికి వస్తుంది. ఫ్లాష్ వేసి తీసిన ఫొటోలో ఒక కంటిపాప తెల్లగా మెరుస్తుంది. పిల్లికన్ను అనుకుని వదిలేస్తే నెలలు గడిచిపోతాయి. మన కోనసీమ నుంచి ఇలాంటి బిడ్డను చంకనేసుకుని రాజమండ్రిలో గౌతమీ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే, హైదరాబాద్‌లో 1987లో మొదలైన ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది. కంటి క్యాన్సర్‌కు అక్కడ ప్రత్యేక విభాగమే ఉంది.

ఈ జబ్బు గుట్టు ఊహించినవాడు ఆల్‌ఫ్రెడ్ నడ్సన్ అనే అమెరికా వైద్యుడు, 1971లో. మన మండలంలోని లొల్ల లాకుల్ని తలచుకుంటే అది తేలిగ్గా అర్థమవుతుంది. పడవ దాటే లాకుకు రెండు చోట్ల తలుపులుంటాయి. ఒకటి పాడైనా రెండోది నీటిని ఆపుతుంది. ఈ జబ్బుకు సంబంధించిన ఆర్‌బీ1 జన్యువుకూ ప్రతి కణంలో రెండు ప్రతులుంటాయి. రెండూ చెడితేనే గడ్డ మొదలవుతుంది. కొందరు పిల్లలకు పుట్టుకతోనే ఒకటి చెడి ఉంటుంది. మిగిలిన ఒక్కటీ ఏదో ఒక కణంలో చెడితే చాలు. ఈ జబ్బు వచ్చిన పిల్లల్లో సుమారు 40 శాతం మందిది ఇలాంటి పుట్టుకతో వచ్చిన మార్పే. రెండు కళ్లకూ వచ్చిందంటే దాదాపు ఖాయం. ఒకే కంటికి వచ్చినవాళ్లలో మాత్రం సుమారు 15 శాతం మందికే. ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది, పుట్టుకతో వచ్చినదంతా అమ్మానాన్నల దగ్గర నుంచి వచ్చినది కాదు. ఎక్కువ మంది పిల్లల్లో ఆ మార్పు వాళ్లతోనే కొత్తగా మొదలవుతుంది.

ఇక పరీక్ష ఫలితం చేసే పని చూడండి. అన్నకు ఆర్‌బీ1 మార్పు ఉందని, అది ఫలానా చోట ఉందని తెలిసింది. తర్వాత చెల్లి పుట్టింది. చెల్లి రక్తంలో ఆ మార్పు లేకపోతే, మాటిమాటికీ మత్తు ఇచ్చి కళ్లు చూడాల్సిన బాధ ఆ పసిదానికి తప్పుతుంది. ఉంటే పుట్టిన రోజుల నుంచే కళ్లు చూపించి, గడ్డ ఆవగింజంత ఉన్నప్పుడే లేజర్‌తోనో చలి చికిత్సతోనో అణచి చూపు కాపాడవచ్చు. అన్నకు కూడా రేడియేషన్ వీలైనంత తప్పిస్తారు, ఎందుకంటే ఈ మార్పు ఉన్నవాళ్లకు రేడియేషన్ వల్ల పెద్దయ్యాక వేరే క్యాన్సర్ వచ్చే ముప్పు పెరుగుతుంది. ఒక్క కంటికే వచ్చి ఆ కన్ను తీసేయాల్సి వస్తే, గడ్డ ముక్కను పరీక్షకు దాచమని ఆపరేషన్‌కు ముందే అడగాలి. గడ్డలో దొరికిన మార్పు రక్తంలో ఉందో లేదో చూస్తే జవాబు స్పష్టంగా వస్తుంది.

మేనరికం సంగతి దాటవేయకూడదు. ఆంధ్రప్రదేశ్‌లో సుమారు నాలుగో వంతు పెళ్లిళ్లు రక్తసంబంధంలోనే జరిగాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. రెటినోబ్లాస్టోమాకు మేనరికం కారణం కాదు. పుట్టుకతో ఒక్క ప్రతి చెడి ఉన్నా ముప్పు తెచ్చే జబ్బు అది. అయితే పుట్టుకతోనే రెండు ప్రతులూ చెడి ఉంటే వచ్చే అరుదైన లోపాలు కొన్ని ఉన్నాయి. డీఎన్‌ఏలో తప్పులు దిద్దే జన్యువులు రెండు వైపులా చెడిపోతే చిన్నతనంలోనే మెదడులోనో రక్తంలోనో పేగులోనో క్యాన్సర్ రావచ్చు. దగ్గరి బంధువుల పెళ్లిలో ఆ అవకాశం పెరుగుతుంది. అలాంటి లోపంతో ఒక బిడ్డ పుట్టిన జంటకు ఆ తర్వాత పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు ముప్పు. ఆ అమ్మానాన్నలకు కూడా పేగు క్యాన్సర్ ముప్పు ఉంటుంది కాబట్టి వాళ్లూ పరీక్షలు చేయించుకోవాలి. ఈ సంగతి చెప్పేది ముందు జాగ్రత్త కోసం. పెళ్లి చేసిన పెద్దల్నీ, చేసుకున్న జంటనూ నిలదీయడానికి కాదు.

ఇవన్నీ విడమరిచి చెప్పే జెనెటిక్ కౌన్సెలింగ్‌లో మొదట మూడు తరాల వంశవృక్షం గీస్తారు. మగవాళ్లకు చతురస్రం, ఆడవాళ్లకు గుండ్రం, దంపతుల మధ్య ఒక గీత. రక్తసంబంధమైతే జంట గీత. ఆ రెండో గీత గీసేటప్పుడే ఎందుకు గీస్తున్నామో చెప్పాలి. లేకపోతే అమ్మాయి తరఫువాళ్లు ఆ తర్వాత ఒక్క నిజమూ చెప్పరు. చనిపోయిన మేనత్తకు ఏ జబ్బో, చిన్నప్పుడే పోయిన పెదనాన్న కొడుకు సంగతేమిటో నాన్నమ్మకే తెలుస్తుంది. ఆమెను కూర్చోబెట్టి మర్యాదగా అడిగితే చెబుతుంది.

రిపోర్టు వచ్చాక కూడా మనిషి కావాలి. హాని చేసే మార్పు ఉంది, లేదు అన్నవి రెండు జవాబులు. ‘మార్పు ఉంది కానీ దాని అర్థం ఇంకా తేలలేదు’ అన్నది మూడోది. దాన్ని పట్టుకుని ఎవరూ గర్భం తీయించుకోకూడదు, సంబంధం వదులుకోకూడదు. మనవాళ్ల జన్యువుల సమాచారం ప్రపంచంలో తక్కువగా ఉండటం ఇలాంటి జవాబులకు ఒక కారణం. 10 వేల మంది భారతీయుల జన్యువుల్ని చదివిన జీనోమ్ ఇండియా పథకంలో హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థ పాలుపంచుకుంది. ఇలాంటి పని పెరిగే కొద్దీ నేటి అనుమానం రేపు తేలుతుంది. అందుకే రిపోర్టు దాచుకుని కొన్నేళ్లకు మళ్లీ చూపించాలి.

హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది, ఉప్పల్‌లో జన్యు పరీక్షలు చేసే సీడీఎఫ్‌డీ ఉంది. కోనసీమ తల్లికి అంత దూరం ప్రతిసారీ సాధ్యం కాదు. పిల్లల క్యాన్సర్‌కు వైద్యం చేసే ప్రతి పెద్దాసుపత్రిలో, విశాఖ హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి మొదలు కాకినాడ సర్వజన ఆసుపత్రి దాకా, తెలుగులో మాట్లాడే జెనెటిక్ కౌన్సెలర్ ఉండాలి. రిపోర్టుతో పాటు ఒక పేజీ తెలుగు సారాంశం, బంధువులకు చూపించడానికి ఒక ఉత్తరం ఇవ్వాలి. ప్రభుత్వం ఈ పరీక్ష ఖర్చును, ఆ కౌన్సెలింగ్ సమయాన్ని చికిత్సలో భాగంగానే లెక్కగట్టాలి. అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తలకు తెల్ల కంటిపాప ఫొటో చూపించి శిక్షణ ఇవ్వడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

తల్లిదండ్రులకు ఒక్క మాట. సంతకం పెట్టే ముందు మూడు ప్రశ్నలు అడగండి. ఇది జబ్బు కణాల పరీక్షా, వంశపారంపర్య పరీక్షా? ఫలితం వల్ల నా బిడ్డ వైద్యంలో ఏం మారుతుంది? నా మిగతా పిల్లలకు ఏం చేయాలి? జవాబు అర్థమయ్యేదాకా మళ్లీ మళ్లీ అడగండి. అది మీ హక్కు. ఇంటి పెద్దలకు ఇంకో మాట. ఏ తల్లీ ఏ తండ్రీ ఎంచుకుని బిడ్డకు జన్యువు ఇవ్వరు. ఎవరి వైపు నుంచి వచ్చిందనే మాట ఇంట్లో ఎత్తకండి, ఎత్తనివ్వకండి.