ఒక క్షురకుని మేడ

రాజులు కట్టించిన కోటలను మనము వేడుకతో చూచెదము. కాయకష్టముచే మనుష్యత్వమును నిలుపుకొన్నవాని యింటిని చూడబోవువారు మాత్రము కొలదిమంది. అట్టి యిల్లొకటి అమెరికా దక్షిణ రాష్ట్రములలో నొకటియగు జార్జియాలో, అట్లాంటా నగరమందలి వైన్ సిటీ పేటలో నున్నది. 1910వ సంవత్సరమున పూర్తియైన యీ రెండంతస్తుల మేడలో 15 గదులు గలవు. ముందువైపున ఉన్నతములగు స్తంభములు నిలిచియున్నవి. దీనిని కట్టించినవాడు అలోంజో హెర్న్‌డన్.

ఈతడు 1858లో బానిసగా పుట్టెను. తల్లి బానిస, తండ్రి ఆమె యజమానుడే. 1865లో దాస్యము తొలగినను ఆ కుటుంబమునకు నిలువ నీడ లేదు. పొలములలో పాటుపడి, పిమ్మట క్షౌరవృత్తి నేర్చి, తుదకు అట్లాంటాలోని పీచ్‌ట్రీ వీధిలో ప్రసిద్ధమైన క్షౌరశాలకు యజమానుడయ్యెను.

ఆ శాలలో పనిచేయువారు నల్లవారు. గడ్డము గీయించుకొనువారు తెల్లవారు మాత్రమే. స్వజాతీయునకు ఆ కుర్చీలో చోటు లేదు. ఇది అవమానము కాదా యని కొంద రడుగవచ్చును. అవమానమే, దానిని మేము మరుగుపరుపము. కాని యట్లార్జించిన ధన మేమయ్యెనో కూడ చూడవలయును. 1905లో బీమా సంఘములు 5,000 డాలర్లు ధరావతు కట్టవలెనని జార్జియాలో శాసనము వచ్చెను. నల్లబీదలు నడుపుకొను చిన్న సహాయసంఘములకు అంత సొమ్మెక్కడిది? హెర్న్‌డన్ అట్టి సంఘము నొకదానిని 140 డాలర్లకు కొని, ధరావతు కట్టి నిలువబెట్టెను. అదియే అట్లాంటా లైఫ్ బీమా సంఘమై వర్ధిల్లెను. తెల్లవాని గడ్డము గీసి తెచ్చిన కాసు నల్లవాని కుటుంబమునకు ఆపత్కాలమున అన్నమయ్యెను. ఆ యేటనే సమాన హక్కులకై కూడిన నయాగరా ఉద్యమ ప్రథమ సభకును ఆతడు వెళ్లెను.

మరుసటి యేడు, 1906 సెప్టెంబరులో, తెల్లవారి మూకలు నగరవీధులపై బడి కనీసము 25 మంది నల్లవారిని చంపినవి. హెర్న్‌డన్ క్షౌరశాల అద్దములు పగిలినవి. ఎదుటి క్షౌరశాలలోని పనివారు హతులైరి. ఊరు విడిచిపోయిన వారనేకులు, ఆతడు పోలేదు. నాలుగేండ్లు నిండకమునుపే ఆ యూరనే యీ మేడ నెత్తించెను. అట్లాంటా విశ్వవిద్యాలయమున బోధకురాలగు భార్య ఏడ్రియన్ దీని రూపమును కల్పించెను. నల్లజాతి పనివారు కట్టిరి. పాప మాయమ్మ ఆ యేటనే కన్నుమూసెను.

ఈ మేడలో మాకు మిక్కిలి ముఖ్యముగ తోచినది కూర్చుండు గదిగోడల పైభాగమున వ్రాయించిన చిత్రమాల. అందు హెర్న్‌డన్ జీవితకథ బాల్యపు దాస్యము మొదలుకొని కలదు. ధనవంతుడైన పిమ్మట పూర్వపు దైన్యమును కప్పిపుచ్చువారే లోకమున నెక్కువ. ఈతడు దానిని అతిథులు కూర్చుండు చోటనే నిలిపెను.

1927లో ఆతడు మరణించెను. కుమారుడు నారిస్ ఇల్లును కాపాడి వచ్చువారి కప్పగించెను. 2000వ సంవత్సరమున అమెరికా ప్రభుత్వము దీనిని జాతీయ చారిత్రక స్థలముగా గుర్తించెను. ఇది యుక్తమే. కాని స్తంభములకు సున్నము వేసి, క్షౌరశాల కుర్చీ కథను విడిచినచో ఆ యిల్లు సగమే మిగులును. కష్టము, అవమానము, సాహసము మూడును చెప్పి కాపాడిన యిల్లే జాతికి పాఠశాల. కోటలు మాత్రమే మిగిల్చిన జాతి బిడ్డలు చరిత్ర యనగా పరులదని తలంతురు. క్షురకుని మేడను నిలిపిన జాతి బిడ్డలు అది తమదని యెరుగుదురు.