పగ్గం ఎక్కడ కట్టాలి?

మెయిన్‌షీట్ అనే మాట వినగానే అదేదో పెద్ద తెరచాప అనుకుంటారు చాలామంది. నావికుల భాషలో షీటు గుడ్డ కాదు, తాడు. ప్రధాన తెరచాప అడుగున అడ్డంగా ఉండే బూమ్ అనే దూలాన్ని అదుపులో ఉంచే పగ్గమది. అమరకోశం ఓడకొయ్యను గుణవృక్షకమన్నది. గుణమనగా తాడే కదా! ఓడకు తాడెంత ముఖ్యమో మన పూర్వులెరుగుదురు.

ఈ పగ్గాన్ని దూలపు కొసకు కట్టాలా, నడుమ కట్టాలా అన్నది దూరయాత్రికుల మధ్య తెగని వాదం. నడుమ కట్టి క్యాబిన్ కప్పుకు దించితే కూర్చునే చోటు ఖాళీగా ఉంటుంది. నిజమే. కాని తెరచాప లాగుడు ఒక్కటే అయినా, సగంలో కట్టిన తాటిపై కొసతాటికంటె రెట్టింపు బరువు పడుతుంది. కప్పీలు పెరుగుతాయి. చుక్కాని పట్టినవాని చేతికి తాడందదు. గాలి హఠాత్తుగా విసిరినప్పుడు దాన్ని వదలవలసినవాడు అతడే!

2022 జూన్‌లో బెర్ముడా నుండి హాలిఫాక్స్ వెళుతున్న 'ఎస్కేప్' అనే నౌకపై దంపతులిద్దరు ఈ తాటి దెబ్బకే ప్రాణాలు కోల్పోయారు. కనుక సౌకర్యంకంటె ముందు చూడవలసినది, తాడు విసురుగా ఊగే దారిలో మనిషి ఉంటాడా అన్నది.

ఆలుమగలిద్దరే నడిపే ఓడకు కొసతాడే మేలని నా అభిప్రాయం. అదీ కూర్చునే చోటికి వెనుకగా, చుక్కానిదారుకు అందే దూరంలో ఉండాలి. అందుకు వీలులేని ఓడకు క్యాబిన్ కప్పే శరణ్యం. మనుషుల నడుమ మాత్రం వద్దు. వెనుకగాలిలో దూలాన్ని మరొక తాటితో ముందుకు బిగించడం ఎక్కడ కట్టినా తప్పదు.