మొర్దెకై వంటి కన్ను



తల్లిదండ్రులు లేని ఎస్తేరును మొర్దెకై పెంచుకున్నాడు. ఆమె రాజగృహానికి వెళ్లాక కూడా ప్రతిదినం అంతఃపురం ముంగిట తిరుగుతూ ఆమె క్షేమం తెలుసుకునేవాడు.

మన దేశంలో దత్తతకు ముందు సోషల్ వర్కర్ ఇంటికొచ్చి విచారిస్తారు. బిడ్డ చేరాక రెండేళ్లపాటు ఆరు నెలలకోసారి వచ్చి చూస్తారు. “ప్రార్థించే కుటుంబమే కదా, ఇన్ని ప్రశ్నలెందుకు?” అని మనం విసుక్కుంటాం. కానీ ఆ బిడ్డ మౌనం భయమా, బెంగా? అది కనిపెట్టడానికి మంచి మనసొక్కటే చాలదు, శిక్షణ కావాలి. ఫారాలు నింపడం నేర్పితే సరిపోదు. పసివాడి పక్కన కూర్చుని వినడం నేర్పాలి.

వారు మన గడపలోకొస్తే కుర్చీ వేద్దాం, దాపరికం లేకుండా మాట్లాడదాం. వారికోసం ప్రార్థిద్దాం, వారికి తగిన శిక్షణ ఇమ్మని ప్రభుత్వాన్నీ అడుగుదాం.