సెలవులకు ముందొక సూచన

ప్రతి సంవత్సరము మార్చి నెల ముగియు తరుణమున భారత వాతావరణశాఖవారు రాబోవు వేసవిని గూర్చి యొక సూచనను ప్రకటింతురు. ఏప్రిల్ మొదలు జూన్ వఱకు ఏ ప్రాంతమున నుష్ణము సాధారణమునకు మించి యుండును, వడగాలి దినములు ఎచ్చట నధికముగా నుండును అను సంగతులు అందుండును. ఆ సూచన వెలువడిన మూడు నాలుగు వారములకే మన తెలుగు రాష్ట్రములు రెండింటను పాఠశాలలు మూతపడును. మరల తలుపులు తెఱచుట జూన్ రెండవ వారమున. అనగా నెండయు, కార్చిచ్చును, పిడుగును మనపై బడు గడ్డుకాలమంతయు విద్యార్థులు బడికి దూరముగా నుందురు. సెలవు లీయవలదని మే మనుట లేదు. ఆ యెండలో పసివాండ్రను నడిపించి బడికి రప్పించుట క్రూరము. కాని యీ సూచనను చదువ నేర్పిన పిమ్మటనే వారి నిండ్లకు పంపవలెనని మా యభిప్రాయము.

"సాధారణము కంటె నధికము" అను మాట వినగానే, ఎండకాలమున నెండ కాయక మంచు కురియునా యని నవ్వు పెద్దలు గలరు. సాధారణ మనగా వాతావరణశాఖవారి లెక్కలో 1991 మొదలు 2020 వఱకు గల ముప్పది యేండ్ల సగటు. మైదానములలో గరిష్ఠోష్ణోగ్రత 40 డిగ్రీలు చేరి, ఆ సగటుకు నాలుగున్నర డిగ్రీలు మించినచో దానిని వడగాలి యందురు. 45 డిగ్రీలు చేరినచో సగటుతో పనిలేకయే వడగాలి. తీరప్రాంతమునకు మాత్రము 37 డిగ్రీలు చేరి, అంతే హెచ్చు కనబడినను చాలును. ఏల ననగా తీరపు గాలిలో తేమ మెండు. చెమట కాఱును గాని యాఱదు. చెమట యాఱినప్పుడే గదా దేహము చల్లబడుట! కావున బందరువారు రామగుండపు టెండలను పత్రికలో చదివి, మాకేమి, సముద్ర మున్నదని నిశ్చింతగా నుండరాదు.

మా తాతలు ఏ సూచనలు చదివి బ్రదికిరని యడుగువారును గలరు. తాతలకు సూచనలు లేకపోలేదు. వారికి కార్తె లుండెను. రోహిణికార్తెలో రోళ్లు పగులునని యెఱిగి, తెల్లవాఱుజామున పని ముగించి, ప్రొద్దెక్కకముందే యిల్లు చేరి, అంబలి త్రాగి తాటాకు పందిరి క్రింద మేను వాల్చెడివారు. నేడు కూలివాని తలపై తాటాకు లేదు, రేకుల కప్పున్నది. అతని పనివేళను నిర్ణయించువా డతడు కాడు. ఇటుకబట్టీలోను, మేడలు కట్టుచోటను మధ్యాహ్నమైనను పని యాగదు. 2003 వేసవిలో నాటి యుమ్మడి రాష్ట్రమునను, మరల 2015 మే నెలలో విభజన తరువాతి ఆంధ్రప్రదేశ్ నందును వేయిమందికి పైగా ప్రజలు ఎండలకు బలియైరి. ఎండ చంపునని కూలివానికి తెలియక కాదు. నాటి కూలి పోయిన నాటి కూడు పోవునని యతడు వెలికి వచ్చును. కావున సూచన పనివానికి చేరిన చాలదు, పని చేయించువానికి చేరవలెను. 2010లో ఘోరమైన యెండలను చవిచూచిన అహమ్మదాబాదు నగరమువారు 2013లో నొక ప్రణాళిక నేర్పఱచుకొని, వడగాలి హెచ్చరిక రాగానే ఎవ రేమి చేయవలెనో ముందే నిర్ణయించుకొనిరి. మా చదువరులలో ఇండ్లు కట్టించువారును, తోటలు గలవారును ఉన్నారు. పగలు పదునొకండు గంటలకు పని నిలిపి, సాయంకాలము నాలుగింటికి మరల మొదలిడినచో వారికి కలుగు నష్ట మెంత?

మూడపాయములును ఒకే వేసవిలో వచ్చినను, అవి మనకిచ్చు గడువు ఒక్కటి కాదు. వడగాలిని నాలుగైదు దినములకు ముందే చెప్పవచ్చును. అడవి యెండుట వారముల తరబడి జరుగు పని. దానిని కన్నులున్నవా రెల్లరును చూడవచ్చును. ఉఱుములు మెఱుపులు ఫలానా జిల్లాలో రాగలవని ముందునాడు చెప్పవచ్చును గాని, ఫలానా యూరిపై ఫలానా గంటకని చెప్పుట మూడు గంటల ముందు మాత్రమే సాధ్యము, అదియు నొక్కొక్కప్పుడు తప్పును. ఈ భేదము నెఱుగక, నిన్న వాన యనిరి, చినుకైన రాలలేదని సూచననే త్రోసిపుచ్చుట న్యాయము కాదు.

కార్చిచ్చు సంగతి చూతము. 2020 ఆగస్టులో కాలిఫోర్నియా రాష్ట్రమున వాన లేని పిడుగులు పడి వందలకొలది తావుల నడవు లంటుకొనెను. మన నల్లమలలోను, శేషాచలములోను అట్లు జరుగుట యరుదు. ఇచ్చటి మంటలు రాలిన యాకులబట్టి నేలపై ప్రాకును. వానిని ముట్టించునది ప్రాయికముగా మానవహస్తమే. ఇప్పపూవు నేరుటకు నేల శుభ్రపడునని, తునికాకు లేతగా చిగుర్చునని, పసులకు క్రొత్త గడ్డి మొలచునని నిప్పు పెట్టుదురు. అంతమాత్రమున కొండజాతులవారే యడవిని కాల్తురని పట్టణవాసులు తేలికగా ననుట మాకు సమ్మతము గాదు. కారు నిలిపి చుట్ట పీక విసరు ప్రయాణికుడు ఏ కొండజాతివాడు? 2014 మార్చిలో శేషాచలము తగులబడినప్పుడు వైమానికదళమువారి హెలికాప్టరులు నీరు మోసికొని రావలసివచ్చెను. దెహరాదూనులోని భారత అటవీ సర్వేక్షణ సంస్థవారు ఉపగ్రహములు కనిపెట్టిన మంటల జాడలను అటవీ యుద్యోగుల ఫోనులకు పంపుదురు. అది మేలే గాని, ఉపగ్రహము చూచునది రగిలిన పిమ్మటనే గదా. అడవి లేని పల్లెలవారికిని ఈ భయము తప్పదు. గడ్డివామి ప్రక్క ప్రొయ్యి, పైన నీదురుగాలి, చుట్టును పూరిండ్లు. ఇంతకంటె నేమి కావలెను?

ఇక పిడుగు. దీనిని గూర్చి కొంత విపులముగా వ్రాయుదుము, ఏల ననగా మన పిల్లలు దీనికే యెక్కువగా నెదురు పోవుచున్నారు. వాయవ్యము నుండి వచ్చు పొడిగాలియు, బంగాళాఖాతము నుండి వచ్చు తేమగాలియు వేసవిలో తఱచు తెలంగాణము, రాయలసీమల మీదుగా నొక రేఖపై కలిసికొనును. పగటి యెండకు కాగిన నేల ఆ తేమను పైకి త్రోయును. సాయంకాలమునకు పది కిలోమీటరులకు మించిన యెత్తున మేఘములు లేచును. అందుచే మిక్కిలి యెండ కాచిన నాడే మాపటికి ఉఱుములు వచ్చుట తఱచు చూతుము. 2018 ఏప్రిల్ 24వ తేదీని ఆంధ్రప్రదేశ్ లో పదుమూడు గంటల వ్యవధిలో 36,749 పిడుగులు పడినట్లు విపత్తుల నిర్వహణ సంస్థవారు లెక్కించిరి. మన దేశమున ఏటేట రెండువేలమందికి పైగా పిడుగుపాటునకు మరణించుచున్నారు. వారిలో పొలములందున్నవారును, చెట్టు క్రింద చేరినవారును మెండు.

ఆ గాలివానయే మామిడికాయలను రాల్చును. రాలినవి యేరుకొనుటకు పిల్లలు తోటకు పరుగిడుదురు. చినుకు పెద్దదైనచో చెట్టు మొదట నిలుతురు. అదే ప్రాణాపాయము. మెఱుపు కనబడిన పిమ్మట ఉఱుము వినబడువఱకు లెక్కించి, మూడు సెకనుల కొక కిలోమీటరు చొప్పున దూరము తెలిసికొనవచ్చును. అయితే యుఱుము చెవిని బడినదనగా పిడుగు మనకు తగిలెడి దూరమున నున్నదనియే యర్థము. తక్షణము గట్టి కప్పు గల యింటిలోనికి పోయి, కడపటి యుఱుము వినబడిన యరగంట వఱకు వెలికి రాకుండవలెను. పిడుగు తాకినవానిని ముట్టినచో మనకును తగులునని చాల పల్లెలలో నొక వెఱపు గలదు. అది వట్టిది. అతని దేహమున విద్యుత్తు నిలిచియుండదు. శ్వాస నిలిచినవానికి వెంటనే ఱొమ్ము నొత్తి ప్రథమచికిత్స చేసినచో బ్రదుకవచ్చును. ముట్టుటకు వెఱచి చుట్టు నిలిచి చూచుటచే బ్రదుకవలసినవాడు పోవును.

కావున మేము కోరునది యిది. సెలవులకు ముందటి వారమున ప్రతి తరగతికిని ఒక గంటసేపు ఈ సూచనను చదువుట నేర్పవలెను. పచ్చ రంగున్న నేమియు లేదని, పసుపైన కనిపెట్టి యుండుమని, నారింజయైన సిద్ధపడుమని, ఎఱుపైన పూనుకొనుమని తెలిసికొనుటకు గంట చాలును. హైదరాబాదు, అమరావతి కేంద్రములవారి సూచనలు తెలుగులోను దొరకును. పూణెలోని ఉష్ణమండల వాతావరణ శాస్త్రసంస్థవారి "దామిని" యను సాధనము చుట్టుపట్ల పిడుగుల జాడను ఫోనులో చూపును. తలిదండ్రులు తమ ఫోనును ఆటలకు గాక దీనికై దినమున కొకసారి పిల్లల చేతి కీయవలెను. పాఠశాల గేటునొద్ద నొక నల్లబల్ల నిలిపి, నాటి రంగును, ఉఱుముల వేళను వ్రాయించుట మఱియొక కోరిక. సెలవులలో వ్రాయు వారెవ్వరని ఉపాధ్యాయు లడుగుదురు. బడి ప్రక్క వీధులలోని పై తరగతుల విద్యార్థులు వారమునకు ఇద్దఱు చొప్పున వంతు వేసికొనవచ్చును. ఏడు వారములకు పదునలుగురు చాలుదురు. దూరపు పల్లెలవారు పాలకేంద్రపు గోడపై నొక కాగిత మంటించినను సరిపోవును. ఉదయము పాలు పోయ వచ్చువారే గదా, పగలు పొలమున నుండువారు.